బట్టమేక పిట్ట, కలివి కోడి: చుట్టాలు కావు, ఇరుగుపొరుగు

మీరు అడిగింది ఇది. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్), కలివి కోడి (జెర్డన్స్ కోర్సర్) రెండూ రాయలసీమలో ఉన్నవే. రెండూ నేల మీద తిరిగేవే, నేల మీద గుడ్డు పెట్టేవే. రెంటికీ పొడుగు కాళ్లు, రెండూ అంతరించే అంచున ఉన్నాయి. మరి రెండూ ఒకే కుటుంబానికి చెందినవా? జైసల్మేర్‌లో బట్టమేక గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు కదా, అదే పని కలివి కోడికి ఎందుకు చెయ్యరు?

మొదటిదానికి జవాబు ఒక్క మాట: కావు. కుటుంబం సంగతి అటుంచండి, కుటుంబాలన్నిటినీ కలిపే పై మెట్టు అయిన క్రమం కూడా ఒకటి కాదు. రెండోదానికి మాత్రం కాస్త ఓపిక కావాలి. కోలార్ బంగారు గనుల దగ్గర దొరికి స్కాట్లండ్ చేరిన ఒక గుడ్డు దాకా వెళ్లి రావాలి.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. సెలవులొస్తే పిట్టల లెక్కింపులకు వెళ్లడం పాత అలవాటు. బట్టమేకను రోళ్లపాడు గడ్డిలో కళ్లారా చూశాను. కలివి కోడిని ఇంతవరకు చూడలేదు. దాని కాలిముద్ర కావచ్చని తోటివాళ్లు చూపించిన గుర్తును మట్టిలో ఒకసారి చూశాను, అంతే. ఆ తేడా మీ ప్రశ్నకు పనికొస్తుంది కాబట్టి ముందే చెబుతున్నా.

వర్గీకరణతో మొదలుపెడదాం. బట్టమేక శాస్త్రీయ నామం ఆర్డియోటిస్ నైగ్రిసెప్స్. 1831లో విగర్స్ వర్ణించాడు. నైగ్రిసెప్స్ అంటే నల్ల తలది అని అర్థం, మగదాని నెత్తి మీద నల్ల టోపీ చూస్తే పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. దీని కుటుంబం ఓటిడిడే. ప్రపంచం మొత్తం మీద ఆ కుటుంబంలో 26 జాతులకు అటూ ఇటూగా ఉంటాయి, ఎక్కువ భాగం ఆఫ్రికాలోనే. ఆర్డియోటిస్ ప్రజాతిలో నాలుగే: ఆఫ్రికా కోరి బస్టర్డ్, అరేబియా బస్టర్డ్, ఆస్ట్రేలియా బస్టర్డ్, మన బట్టమేక.

కలివి కోడి పేరు రైనోప్టిలస్ బైటార్క్వేటస్. బైటార్క్వేటస్ అంటే రెండు కంటెలు వేసుకున్నది. రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలుంటాయి. నెల్లూరులో పనిచేసిన మద్రాసు సైన్యపు వైద్యుడు జెర్డన్‌కు దొరికితే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో ఉన్న బ్లైత్ 1848లో దానికి పేరు పెట్టాడు. కుటుంబం గ్లారియోలిడే, క్రమం కరాడ్రిఫార్మిస్. తీతువులు, ఉల్లంకులు, సముద్రపు ఒడ్డున ఎగిరే గల్ పిట్టలు, టెర్న్‌లు అన్నీ ఆ క్రమంలోవే. చుక్క నీరు లేని ముళ్ల పొదల్లో బతికే పిట్టకు సముద్రపు పిట్టలు బంధువులంటే క్లాసులో పిల్లలు నమ్మేవాళ్లు కాదు. దీనికి దగ్గర చుట్టాలైన మిగతా రైనోప్టిలస్‌లు కూడా మన దేశంలో లేవు, ఆఫ్రికాలో ఉన్నాయి. ఒకే ప్రజాతిలోని అన్నదమ్ములు హిందూ మహాసముద్రానికి ఆ ఒడ్డున ఉంటే ఇది ఒక్కతీ తూర్పు కనుమల కింద చిక్కుకుపోయింది.

బట్టమేక క్రమం విషయంలో మాత్రం నేను పిల్లలకు చాలా ఏళ్లు తప్పు చెప్పాను. అప్పటి పుస్తకాల్లో ఉన్నదే చెప్పాననుకోండి. సారసాలు, నీటికోళ్లతో కలిపి గ్రూయిఫార్మిస్ అనే క్రమంలో బట్టమేకను పెట్టేవాళ్లు. పొడుగు కాళ్లు, పొడుగు మెడ, మైదానాల్లో నడక. చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. తర్వాత డీఎన్ఏ వచ్చింది. 2014లో 48 పక్షుల పూర్తి జన్యుపటాలు పక్కపక్కన పెట్టి వంశవృక్షం గీస్తే, బస్టర్డ్‌లు సారసాల దగ్గర కాకుండా కోకిలలు, ఆఫ్రికా టురాకోల పక్కన తేలాయి. ఇప్పుడు వాటికి ఓటిడిఫార్మిస్ అని సొంత క్రమమే ఉంది. అంటే 15 కిలోల దాకా తూగే, మీటరు ఎత్తు నిలబడే ఈ పిట్ట, మామిడి కొమ్మల్లో దాక్కుని కూసే కోకిలకూ మన పెరట్లో తిరిగే జెముడు కాకికీ దూరపు చుట్టం. తమాషా ఏమిటంటే, పాత పుస్తకాలు బట్టమేక పక్కన కూర్చోబెట్టిన ఆ సారసాలు ఇప్పటి వంశవృక్షంలో కలివి కోడి ఉన్న కొమ్మకే దగ్గర.

ఈ కొమ్మలు చీలింది నిన్నా మొన్నా కాదు. పక్షుల పెద్ద పెద్ద క్రమాలు చాలావరకు డైనోసార్లు పోయిన కాలానికి, అంటే 6.6 కోట్ల ఏళ్ల కిందటికి, కాస్త అటూ ఇటూగా విడిపోయాయి. క్రమాలే వేరంటే ఆవుకూ కోతికీ ఉన్నంత ఎడం అనుకోండి.

మరి పోలికలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? నేల నుంచి వచ్చాయి. రెండు పిట్టల పాదాలనూ చూడండి: మూడేసి వేళ్లే, మూడూ ముందుకే. కొమ్మను పట్టుకునే వెనక వేలు లేదు. చెట్టెక్కే పని లేనివాడికి ఆ వేలు బరువే కదా. పరుగే బతుకైన చోట వేర్వేరు వంశాల పిట్టలు ఒకే రకం పాదానికి చేరుకున్నాయి. పరిణామ శాస్త్రంలో దీన్ని అభిసరణ పరిణామం అంటారు. ఒకే ఊళ్లో పొలం చేసే రెండు వేర్వేరు ఇంటిపేర్ల వాళ్ల చేతుల్లో కాయలు ఒకే చోట కాసినట్టు.

ఇక్కడ తెలుగు పేర్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి కలివి కోడి అన్నారు. కానీ ఇది కోడి కాదు, కోళ్ల క్రమానికీ దీనికీ సంబంధం లేదు. అయితే జెర్డన్ తన రోజుల్లో ఈ పిట్టకు రాసుకున్న తెలుగు పేరు వేరు: అడవి ఉత్త తిత్తి. ఖాళీ సంచి అని దానికి అర్థం చెప్పుకున్నాడు. ఆయనకు ఆ పేరు చెప్పినవాళ్లు ఆ మాటను అలా అనుకుని ఉంటారని నాకు అనిపించదు. తిత్తి అన్నది తీతువు లాంటి ధ్వని అనుకరణే అని నా ఊహ. అదే నిజమైతే, పిట్టలు పట్టేవాళ్లు దాన్ని తీతువుల జట్టులో చేర్చారన్నమాట. డీఎన్ఏ చెప్పేదీ అదే. బట్టమేకలో మేక ఎందుకొచ్చిందో మాత్రం నన్ను అడగకండి.

ఇప్పుడు సంరక్షణకు వద్దాం. 1972 వన్యప్రాణి చట్టంలో రెండూ మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో రెండూ తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతులే, బట్టమేకను 2011లో ఆ మెట్టుకు దించారు. రెండింటికీ మన రాష్ట్రంలో 1988లోనే అభయారణ్యాలు వచ్చాయి: కర్నూలు వైపు రోళ్లపాడు, కడప వైపు శ్రీ లంకమల్లేశ్వర. కాగితం మీద చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. నేల మీద కథలు వేరు.

రోళ్లపాడు విస్తీర్ణం 614 హెక్టార్లు. ఒక బట్టమేక ఏడాది పొడుగునా తిరిగే మేరతో పోలిస్తే అది పెరడు. ఆ పిట్టకు అసలు ఇల్లు చుట్టూ ఉన్న జొన్న చేలు, కొర్ర చేలు, బీళ్లు. 1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ (బీఎన్‌హెచ్‌ఎస్) వాళ్లు అక్కడ మకాం వేసి పరిశోధన చేసిన రోజుల్లో పదుల సంఖ్యలో పిట్టలుండేవి. ఆ దశకం చివర్లో ఒక వానాకాలం తెల్లవారుజామున నేనూ వెళ్లాను. గొర్రెల కాపరి ఒకాయన చెయ్యి చాపి, “అద్దో సార్, గోనెసంచి నిలబెట్టినట్టుంది చూడు, అదే” అన్నాడు. నిజంగానే దూరంగా గడ్డిలో తెల్లటి మూట. మగ పిట్ట మెడ కింద సంచిని గాలితో నింపుకుని కాళ్ల దాకా వేలాడేసి, తోక వీపు మీదికి మడిచి నిలబడింది. కాసేపటికి ఒక శబ్దం. చెవులకు వినపడటం కన్నా ముందు పొట్టలో తెలిసినట్టుంటుంది, ఖాళీ కుండ మూతి దగ్గర ఊదినట్టు. అర కిలోమీటరు దాకా పోతుంది ఆ మోత.

అభయారణ్యం పెట్టి వేట ఆపారు, పశువుల మేత తగ్గించారు. లోపల గడ్డి బాగా పెరిగింది. ఆ గడ్డికి కృష్ణజింకలు పెరిగాయి, వందలకు చేరాయి. అవి రాత్రయితే చుట్టుపక్కల పొలాల మీద పడేవి. “పిట్ట కోసమని పెట్టినారు, మేసేది జింకలు, పోయేది మా శనగ” అని ఒక రైతు నాతో అన్నమాటలో కోపమూ ఉంది, లెక్కా ఉంది. ఇంకోవైపు చుట్టూ నీళ్లొచ్చాయి, మెట్ట పంటలు పోయి పత్తి, మిరప, వరి వచ్చాయి. బీళ్లు లేకుండా పోయాయి. కంచె లోపల గడ్డిని కాపాడుకున్నాం, కంచె బయట పిట్ట బతుకును పోగొట్టుకున్నాం. మధ్యప్రదేశ్‌లోని కరేరాలో ఇంతకన్నా ఘోరం: అక్కడా జింకలు పెరిగాయి, రైతులు మండిపడ్డారు, బట్టమేకలు కనపడకుండా పోయాయి, చివరికి అభయారణ్యాన్నే రద్దు చేశారు. ఈ రోజు రోళ్లపాడులో బట్టమేక కనపడితే అది వార్త. మన సరిహద్దు దాటితే బళ్లారి జిల్లా సిరుగుప్ప వైపు కొద్దిపాటి పిట్టలు మిగిలాయి. దేశంలో మిగిలినవాటిలో అత్యధికం జైసల్మేర్ చుట్టుపక్కలే. గుజరాత్ కచ్‌లో కొన్నేళ్లుగా ఆడపిట్టలే మిగిలాయి, జతకు మగది లేదు.

దీన్ని తినేసింది మొదట తుపాకీ. అహ్మద్‌నగర్ ప్రాంతంలో మాన్స్‌ఫీల్డ్ అనే ఒక్క వేటగాడు 1809 నుంచి 1829 దాకా 961 బట్టమేకల్ని కొట్టినట్టు రికార్డుంది. ఇప్పుడు దేశం మొత్తం వెతికినా అందులో నాలుగో వంతు దొరకడం కష్టం. తర్వాత సాగు, ఆ తర్వాత కుక్కలు. ఇప్పుడు కరెంటు తీగలు. ఈ పిట్ట కళ్లు తలకు పక్కల ఉంటాయి, ఎగిరేటప్పుడు కింద నేలను చూస్తుంది కానీ నేరుగా ఎదురుగా ఉన్నది దానికి సరిగా ఆనదు. తీగ కనపడేసరికి ఆ బరువుతో పక్కకు తిరగలేదు. థార్‌లో ఏటా 18 బట్టమేకలు తీగలకు తగిలి చస్తున్నాయని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ అంచనా వేసింది. ఆడది ఏడాదికి పెట్టేది చాలావరకు ఒక్కటే గుడ్డు, కాబట్టి 18 అంటే చిన్న సంఖ్య కాదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీగల్ని భూమిలో వెయ్యమంది. దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్లకు వర్తించే ఆదేశం అది. సౌర, పవన విద్యుత్తుకు అడ్డంకి అని ప్రభుత్వం వెళ్లి అడిగితే 2024 మార్చిలో దాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. బొగ్గు మానాలని పెట్టే సోలార్ ప్లాంటే పిట్టకు శత్రువు కావడం ఎవరూ ముందు ఊహించని చిక్కు.

కలివి కోడిది ఇంకో రకం గొడవ. దానికి ముందు అది ఉందో లేదో తేలాలి. 1867లో బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం వైపు చూశాడు. 1900లో అనంతపురం దగ్గర క్యాంప్‌బెల్ చూశాడు. ఆ తర్వాత 86 ఏళ్లు మాయం. పుస్తకాల్లో అంతరించిందేమో అని రాసేశారు. 1986 జనవరిలో బీఎన్‌హెచ్‌ఎస్ పరిశోధకుడు భరత్ భూషణ్ సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి వైపు ఊళ్లవాళ్లకు బొమ్మ చూపించి అడుగుతూ తిరిగితే, పిట్టలు పట్టే స్థానికుడొకడు రాత్రి టార్చి వెలుగులో పట్టి తెచ్చాడు. పట్టిన పిట్ట బతకలేదు. ఆ కబురు విని పేరున్న పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అంత ముసలితనంలోనూ కడపకు వచ్చారు, మరుసటి ఏడే పోయారు. శాస్త్రవేత్తలకు 86 ఏళ్లు కనపడనిది ఆ ఊళ్లలో వేటాడేవాళ్లకు తెలిసిన పిట్టే కావడం గమనించండి.

ఇది ఎందుకు కనపడదంటే రాత్రి పిట్ట. జానెడున్నర లేదు, పెద్ద పెద్ద కళ్లు, మట్టి రంగు. అడుగు తీసి ఆగిందంటే మట్టిగడ్డే అనుకుంటాం. అందుకే 2000 తర్వాత పరిశోధకులు వేరే ఉపాయం పట్టారు. పొదల మధ్య సన్నటి మట్టి జల్లించి కొన్ని మీటర్ల పొడుగున సన్నటి పట్టీలు పరిచి, సాయంత్రం నున్నగా సర్ది, తెల్లారాక వెళ్లి చూడటం. రాత్రి ఎవరెవరు నడిచారో ఆ మట్టే చెబుతుంది. నేను వెళ్లింది అలాంటి పనికే. నడుం విరిగే పని. కుందేలు, పునుగు, మేక, తేలు పోయిన గీత, అన్నీ ఉంటాయి. మూడు వేళ్ల ముద్ర కనపడగానే గుండె ఆగుతుంది, తీరా అది స్టోన్ కర్లూ అనే ఇంకో నేల పిట్టది, దానికీ మూడు వేళ్లే. వేలి వెడల్పు, మధ్య వేలి పొడుగు స్కేలు పెట్టి కొలవాలి. ఆ రోజు మేం చూసినవాటిలో ఒక్కటే కొలతలకు సరిపోయింది. దాని పక్కనే ఎవరిదో హవాయి చెప్పు ముద్ర.

అలా కొలిచి కొలిచి తేల్చిన విషయం ఒకటుంది. కలివి కోడికి దట్టమైన అడవి పనికిరాదు, ఖాళీ మైదానమూ పనికిరాదు. రెండు మీటర్లు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, మధ్యమధ్య పరుగెత్తడానికి బోసి నేల ఉండాలి. ఆ బోసి నేలను ఉంచుతున్నది ఎవరు? మేకలు, ఎనుములు, కట్టెలు కొట్టుకునేవాళ్లు. మేతను పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుని పిట్ట పోతుంది. మేత మితిమీరితే పొదలు పోయి పిట్ట పోతుంది. ఇక్కడ రోళ్లపాడు మందు వేస్తే రోగం ముదురుతుంది. బట్టమేకను కాపాడితే దాని గొడుగు కింద నేల పిట్టలన్నీ బతుకుతాయని కొందరు రాస్తుంటారు. బట్టమేకకు కావలసింది నలుదిక్కులా కనపడే గడ్డి, దీనికి కావలసింది దాక్కునే పొదల మధ్య సందులు. ఆ గొడుగు ఇక్కడిదాకా రాదు.

లంకమల్ల విస్తీర్ణం 464 చదరపు కిలోమీటర్లు, రోళ్లపాడు కన్నా 75 రెట్లు పెద్దది. కానీ అందులో ఎక్కువ భాగం కొండలు. పిట్ట ఉండేది కొండ అడుగున, పొలాలు మొదలయ్యే ముందు ఉండే సన్నటి పొదల అంచులో. తోటల కోసం చదును చేసేదీ, క్వారీ తవ్వేదీ, కాలువ తీసేదీ కూడా అక్కడే. 2005లో కృష్ణా నీళ్లు తీసుకెళ్లే తెలుగు గంగ కాలువ పనుల యంత్రాలు ఆ పొదల్లోకే వచ్చాయి. పరిశోధకులు, సంస్థలు గోల చేసి సుప్రీంకోర్టు కమిటీ దాకా తీసుకెళ్తే కాలువ దారి మార్చారు. ఒక పిట్ట కోసం ఇంత పెద్ద కాలువ వంకర తిరగడం మన రాష్ట్రంలో చిన్న విషయం కాదు. దానికి తోడు ఇది ఎర్రచందనం అడవి. రాత్రిపూట టార్చి పట్టుకుని తిరిగేవాళ్లను ఎవరనుకుంటారో మీకు వేరే చెప్పక్కర్లేదు. రాత్రి సర్వేలకు ఇప్పటికీ అదొక తలనొప్పి.

2009 ప్రాంతం తర్వాత మళ్లీ చాలా ఏళ్లు ఖచ్చితమైన ఆధారం లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు దాని కూతను రికార్డు చేశారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నవ్వకండి.

ఇక మీ రెండో ప్రశ్న. జైసల్మేర్ దగ్గర సమ్‌లో 2019లో మొదలైన కేంద్రానికి గుడ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఎడారిలో గూళ్లు వెతికి, గుడ్డు తీసుకొచ్చి యంత్రంలో పొదిగించారు. పగటిపూట కనపడే, మీటరు ఎత్తున్న పిట్ట కాబట్టి గూడు దొరికింది. ఇక్కడే వర్గీకరణ అక్కరకొచ్చింది. అరబ్ దేశాల్లో డేగ వేటకు హుబారా బస్టర్డ్‌ను దశాబ్దాలుగా వేల సంఖ్యలో పెంచుతున్నారు. అదీ ఓటిడిడే కుటుంబమే. పొదిగే వేడి, పిల్ల మేత, వీర్యం సేకరించే పద్ధతి అన్నీ అబుదాబి వాళ్ల దగ్గర అరిగిపోయిన పాఠాలు, వాళ్లే వచ్చి నేర్పారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టిందంటే ఆ చుట్టరికం వల్లే. ఇంకో లాభం: దేశంలో వేర్వేరు రాష్ట్రాల బట్టమేకల మైటోకాండ్రియా డీఎన్ఏ (తల్లి నుంచి మాత్రమే వచ్చేది) చూస్తే తేడాలు చాలా తక్కువ. అది ఒకందుకు దిగులు పుట్టించే విషయం, వైవిధ్యం లేని జాతి రోగానికి తట్టుకోలేదు. ఇంకొకందుకు వెసులుబాటు: రాజస్థాన్ పిట్ట వేరు, దక్కన్ పిట్ట వేరు అనే పేచీ లేదు. రేపు జైసల్మేర్ పిల్లను సిరుగుప్పలో వదిలినా జాతి కలుషితమైందని ఎవరూ అనలేరు.

కలివి కోడికి ఈ రెండూ లేవు. గుడ్లు తెద్దామంటే గూడు ఎవరికీ తెలియదు. ప్రపంచంలో దానిదని తెలిసిన గుడ్డు ఒక్కటే ఒక్కటి, అదీ స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన మీటన్ అనే పశువైద్యుడి ద్వారా వచ్చిన గుడ్డది. ఎవరిదో తేల్చడానికి పెంకు లోపలి డీఎన్ఏ తీసి, మ్యూజియాల్లో ఉన్న 19వ శతాబ్దపు కలివి కోడి చర్మాల కాలి వేళ్ల నుంచి తీసిన డీఎన్ఏతో పోల్చారు. సరిపోయింది. 2013లో ఆ సంగతి బయటికొచ్చింది. కోలార్ దాకా ఈ పిట్ట ఉండి ఉండవచ్చని కూడా దాంతోనే తెలిసింది. పొదిగించడానికి మన చేతిలో ఉన్నది నూరేళ్ల నాటి ఖాళీ పెంకు. దగ్గరి చుట్టాల్ని వేల సంఖ్యలో పెంచిన అనుభవమూ ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే కోర్సర్లను వేటాడటానికి ఏ షేకూ డబ్బు పెట్టలేదు. ఉన్న నాలుగు పిట్టల్లో రెంటిని పట్టి బోనులో పెడదామంటే 1986లో పట్టినదానికి ఏమైందో చూశాం. అందుకని దానికి ఇప్పుడు కావలసింది ఇంక్యుబేటర్ కాదు, ఎక్కడుందో తెలుసుకోవడం.

రెండు పిట్టలకూ నిజంగా ఉమ్మడిగా ఉన్నది ఒకటుంది, అది జీవుల వర్గీకరణలో లేదు. భూముల వర్గీకరణలో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) వాళ్లు ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసి ఇచ్చే వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్‌లో పొదల నేలలు, మేత బీళ్లు చాలావరకు బంజరు కిందికే వస్తాయి. రెవెన్యూ అడంగల్‌లోనూ అదే మాట. బంజరంటే ఖాళీ, ఖాళీ అంటే ఏదో ఒకటి పెట్టాలి. సోలార్ పార్కైనా సరే, తోటలైనా సరే, హరితం పేరుతో మొక్కలైనా సరే. ఒకచోట మంచి పొదల నేలను జేసీబీతో గీకి, వరసగా గుంటలు తీసి కానుగ, వేప నాటారు. నేను వెళ్లి అడిగితే అక్కడి అధికారి నన్ను వింతగా చూసి, “చెట్లు పెడుతుంటే కూడా వద్దంటారేంది సార్” అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన రిజిస్టర్లో ఆ నేలకు ఉన్న పేరు అలాంటిది. బట్టమేకను గ్రూయిఫార్మిస్ నుంచి ఓటిడిఫార్మిస్‌కు మార్చినంత సులువుగా ఆ రిజిస్టర్లో ఒక పదం మార్చగలిగితే, నా అంచనాలో ఇంక్యుబేటర్ల కన్నా ఎక్కువ మేలు.

మీరు కడప వైపు వెళ్తున్నానని రాశారు కాబట్టి పనికొచ్చే మాట ఒకటి. అభయారణ్యంలోకి రాత్రిపూట అనుమతి లేకుండా వెళ్లకండి. ఊళ్ల అంచుల్లో ఉన్నా, పొద్దు వాలి చీకటి పడుతున్న ఆ అరగంట చెవులు అటు వేసి కూర్చోండి. ట్విక్-టూ, ట్విక్-టూ అని రెండు తునకలుగా, ఒకదాని వెంట ఒకటి వస్తుంది దాని కూత. ముందు నెట్‌లో ఉన్న రికార్డింగు విని చెవిని అలవాటు చేసుకోండి. కానీ అక్కడ ఫోన్లో దాన్ని మోగించకండి, నాలుగు పిట్టలున్న చోట మీ ఫోను ఐదో పిట్టై వాటిని హడలగొడుతుంది. వినపడితే ఫోన్లో రికార్డు చేసి, తేదీ, టైము, చోటు రాసుకుని అటవీ శాఖకో బీఎన్‌హెచ్‌ఎస్‌కో పంపండి. చోటు మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి. అక్కడి మేకల కాపరులతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడండి. 1986లో జవాబు దొరికింది వాళ్ల దగ్గరే.